అన్న ఎక్కిన క్రేన్

దామేరియాకి క్రేన్ పని నేర్పించమని కంపెనీవాళ్లని బతిమాలింది వాళ్లన్న జోంగీయే. తరవాత రోజుల్లో ఈ సంగతి అందరూ మరిచిపోయారు. ఆమె మాత్రం మరవలేదు.

జోంగి సిహోతాంగ్ తోబా సరస్సు ఒడ్డున ఉల్లి మడుల మధ్య పుట్టినవాడు. మీసాలు మొలిచే వయసులోనే బతాం దీవికి వచ్చి ఓడలు కట్టే యార్డులో చేరాడు. వెల్డర్ల వెనక తీగలు మోసి, ఇనుము ఈడ్చి, చివరికి ఫోర్క్‌లిఫ్ట్ సీటు సంపాదించుకున్నాడు. ఆ సీటు ధైర్యంతోనే రోతువాని పెళ్లాడాడు. వాళ్లకి ఉలి అని ఒక ఆడపిల్ల పుట్టాక ఊళ్లో ఉన్న చెల్లెల్ని కూడా పిలిపించుకున్నాడు. దామేరియా మొదట ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో తెల్లటోపీ పెట్టుకుని చీమ తలకాయంత ముక్కలు అతికించేది. కాంట్రాక్టు అయిపోయి ఇంట్లో కూర్చున్న నాటినుంచీ వంటింట్లో వదిన గిన్నెల చప్పుడు కాస్త పెరిగింది. అది విన్న జోంగి ఒకరోజు ఫోర్‌మన్ లుమోవా దగ్గరికి వెళ్లాడు.

"సార్, క్రేన్ నడిపేవాళ్లు కావాలంటున్నారుగా. నన్నూ మా చెల్లెల్నీ నేర్చుకోడానికి పంపండి. ఇద్దర్లో ఒకళ్లమైనా పనికి రాకపోం."

లుమోవా మెనాడో ఊరి మనిషి, నవ్వితే యార్డంతా వినిపిస్తుంది. "ఆడపిల్ల క్రేన్ ఎక్కుతుందటయ్యా?"

"మా ఊళ్లో మామిడిచెట్టు ఎక్కిందంటే మా అమ్మ కర్ర పట్టుకుంటేగానీ దిగేది కాదు సార్."

ఆ నవ్వులోనే పని జరిగిపోయింది. అన్నాచెల్లెళ్లిద్దరూ శిక్షణకి వెళ్లారు.

అక్కడ నేర్పే మనిషి తుకిరాన్ అనే జావా ముసలాయన. ఎండుచేపలా ఉండేవాడు, లవంగం సిగరెట్టు ఆరనిచ్చేవాడు కాదు. మొదటి రోజు ఎవరినీ క్రేన్ దగ్గరికి కూడా పోనివ్వలేదు. ఒక్కొక్కరి చేతికీ నీళ్ల బకెట్ ఇచ్చి ముందు గుండెకి ఆనించి పట్టుకోమన్నాడు, తరవాత చెయ్యి బారజాపి పట్టుకోమన్నాడు. అందరి చేతులూ వణికాయి. జోంగి పళ్లు బిగించి అందరికంటే ఎక్కువసేపు పట్టుకుని, చుట్టూ చూసి కన్నుగీటాడు.

"భేష్. నీళ్లు పెరిగాయా?" అన్నాడు తుకిరాన్.

"లేదు మాస్టారూ."

"మరెందుకు చెయ్యి పీకింది? దూరం పెరిగింది కాబట్టి. క్రేన్ తంటా అంతా బరువుతో కాదు నాయనా, దూరంతో. దగ్గర పెట్టుకుంటే ఏనుగుని ఎత్తుతుంది. దూరం జరిపావో, దాన్ని బోర్లా పడెయ్యడానికి మేకపిల్ల చాలు."

మర్నాడు పట్టికలు మొదలయ్యాయి. ఎంత దూరంలో, ఎంత ఎత్తున, ఎంత బరువు మొయ్యవచ్చో అంకెలు వరసలుగా ఉంటాయి. తుకిరాన్ జోంగిని లేపి అడిగాడు. జోంగి వేలు పెట్టి ఒక వరస చదివాడు. అది తప్పు. మళ్లీ చూడమంటే ఇంకో వరస చదివాడు, అదీ తప్పే. పక్కనున్న దామేరియా ఉండబట్టలేక పెదాల కిందే సరైన అంకె చెప్పింది. మెల్లగా చెప్పాననుకుంది, గదంతా విన్నది. ఎవరో కిసుక్కుమన్నారు. జోంగి కూడా నవ్వాడు. భోజనాల వేళకి బయటికి వెళ్లి మరి తిరిగి రాలేదు.

సాయంత్రం ఇంట్లో, "నాకు చదువు అచ్చిరాదే. నువ్వే కానియ్," అన్నాడు. కోపం లేదు. ఉలిని భుజాల మీద ఎక్కించుకుని సందు చివరిదాకా తిప్పుకొచ్చాడు.

దామేరియా మొదటి పరీక్షలో తప్పింది. బరువు బాగానే ఎత్తింది, గుంజల మధ్యనుంచి తొణక్కుండా తిప్పింది. దారి మధ్యలో గోడ పక్కన ఊడుస్తున్న మనిషి ఒకడు రెండు చేతులూ పైకెత్తి ఆపమన్నాడు. ఆమె కిందనుంచి తనకి సైగలు చేసేవాడినే చూస్తూ పోనిచ్చింది. తుకిరాన్ ఆమెని దింపేశాడు.

"వాడెవడో ఊడ్చేవాడు మాస్టారూ. సైగలు చేసేది వాడు కాదుగా!"

"ఎత్తమని చెప్పే హక్కు ఒక్కడిదే. ఆపమని చెప్పే హక్కు ఎవడిదైనా. కుక్క మొరిగినా ఆపు. నీకు అనుమానం వస్తే అసలే ఆపు. కొక్కెం దించు, ఇంజను ఆపు, తాళం జేబులో వేసుకో. అప్పుడు పోట్లాడు. బరువు గాల్లో పెట్టుకుని పోట్లాడకు."

రెండోసారి పాసైంది. లైసెన్సు చేతికొచ్చిన రోజున జోంగి అందరికీ తినిపించాడు. సారాయి దుకాణంలో అతని జాతివాళ్లే అయిన బతక్ మగాళ్లు గిటారు పక్కన పెట్టి మరీ అతన్ని ఆట పట్టించారు. "ఏం బావా, మీ ఇంట్లో ఆడది ఆకాశంలో, మగాడు మట్టిలోనా?" జోంగి గ్లాసు ఎత్తి, "మట్టిలో ఉన్నోడికి పడితే దెబ్బ తగల్దురా," అని నవ్వించాడు. మొదటి ఏడు ఆ మాట నవ్వుగానే ఉండేది. తరవాత తరవాత వాళ్లు అదే వేళాకోళం ఆడితే జోంగి గ్లాసు దించి లేచి వచ్చేసేవాడు. చెల్లెలు ఎక్కే క్రేన్ దగ్గరికి మధ్యాహ్నం ఖాళీ వేళల్లో వెళ్లి, ఆమె లేనప్పుడు కేబిన్‌లో కూర్చుని లివర్లు పట్టుకుని చూసేవాడు. పాత డ్రైవరు ఒకడు అతనితో తేలిక బరువులు ఎత్తించాడు కూడా. చెయ్యి కుదురుగానే ఉండేది. ఆ సంగతి దామేరియాకి తెలిసింది. ఒకసారి అడిగింది.

"అన్నా, మళ్లీ శిక్షణకి వెళ్లరాదూ? నేను చదివిస్తాగా పట్టికలు."

"చెల్లెలి దగ్గర ఓనమాలు దిద్దుకోమంటావా? చేతికి వస్తే చాల్లే, కాయితానిదేముంది."

ఆమె మరి రెట్టించలేదు.

ఆ ఏటి వాన కాలంలో యార్డు ఒడ్డున బార్జి అనే బల్లపరుపు పడవ మీద పెద్ద ఇనపగది దింపాల్సి వచ్చింది. ఆ ఒడ్డు అసలు నేల కాదు, సముద్రంలో మట్టిపోసి పూడ్చిన జాగా. నాలుగు రోజులుగా కుంభవృష్టి. దామేరియా క్రేన్ పక్కలకి ఉండే ఊతకాళ్లు చాపి, కిందికి దిగి ఒక కాలి కింద నేలని బూటుతో తొక్కి చూసింది. తడిసిన బెల్లంలా దిగబడింది. పైగా అనుకున్న చోట ఎవరో వెదురు పరంజా కట్టేశారు. దాన్ని తప్పించి బార్జి దాకా చాపాలంటే క్రేన్ పొడుగు చెయ్యి, బూమ్, చాలా దూరం పోవాలి. ఆమె పట్టిక తీసి చూసింది. మళ్లీ చూసింది. లుమోవా దగ్గరికి నడిచింది.

"సార్, అవదు. పరంజా విప్పించండి, క్రేన్ ముందుకి జరుపుతాను. కాళ్ల కింద ఇనప పలకలు కూడా పరవాలి."

"పరంజా విప్పేసరికి పోటు తగ్గిపోతుంది. బార్జి బురదలో కూర్చుంటుంది. పైనుంచి నన్ను చంపుతారు."

"నేల దిగబడుతోంది సార్."

"నిన్న కూడా ఇక్కడే ఎత్తావుగా?"

"నిన్న బరువు వేరు, దూరం వేరు."

లుమోవా ఇప్పుడు నవ్వడం లేదు. అతని ఫోను రెండుసార్లు మోగి ఆగింది. "మాకంటే నీకే తెలుసా? ఎత్తుతావా ఎత్తవా, ఒక్క ముక్క చెప్పు."

"ఎత్తను."

"అయితే పో. తాళం దానికే ఉంచు. క్రేన్ నువ్వు పుట్టింటినించి తెచ్చుకున్నది కాదు."

అప్పటికి చుట్టూ జనం మూగారు. సైగలు చేసే సాలెహ్ అనే బుగిస్ జాతి మనిషి తల వంచుకుని చేతి తొడుగులు సర్దుకుంటున్నాడు. దామేరియా మళ్లీ కేబిన్ ఎక్కి కొక్కెం దించింది, ఇంజను ఆపింది. తాళం మీద చెయ్యి వేసింది. అంతమంది మధ్య అన్ని మాటలు పడ్డాక ఒళ్లు మండిపోతోంది. తీసుకుంటే దొంగతనం అంటారు, ఉద్యోగం పోతుంది. ఆ భయం సగం. మిగతా సగం ఏమిటో ఆమెకి తరవాత బాగా తెలిసింది: నేను లేకుండా ఎలా ఎత్తుతారో చూస్తాను, రేపొచ్చి నా కాళ్లు పట్టుకోరూ అన్న పంతం. చెయ్యి తీసేసింది. దిగిపోయింది.

లుమోవా చుట్టూ చూసి, "జోంగీ! నీకు చేతనవునుగా. ఎక్కు," అన్నాడు.

జోంగి ఫోర్క్‌లిఫ్ట్ దిగి వచ్చాడు. చెల్లెలు దారికి అడ్డం నిలబడింది.

"అన్నా, వద్దు. కాళ్ల కింద నేల లేదు."

"అందరూ చూస్తున్నారు. పక్కకి జరుగు."

"చూడనియ్. ఎక్కకు."

"ఈ ఒక్కసారైనా నన్ను మగాడిగా బతకనివ్వవే," అన్నాడు జోంగి గొంతు తగ్గించి. ఆ గొంతులో కోపం కంటే బతిమాలడమే ఎక్కువగా ఉంది. అది విని ఆమె పక్కకి జరిగింది. జోంగి నిచ్చెన మెట్లు చకచకా ఎక్కాడు.

దామేరియా వెనక్కి తిరిగి చూడకుండా క్యాంటీన్‌కి వెళ్లి ఐసు టీ చెప్పింది. బల్ల దగ్గర కూర్చుంది. గ్లాసులో ఐసు కరగకముందే బరువు ఎక్కువైందని అరిచే బజరు మోగింది. ఆగి, మళ్లీ మోగింది. ఆ తరవాత ఎవరో దాన్ని నొక్కేసినట్టు ఒక్కసారిగా నిలిచిపోయింది. ఆమె లేచింది. క్యాంటీన్ గుమ్మం దాటేలోపు ఒడ్డు వైపునించి వచ్చిన చప్పుడికి టీ గ్లాసులన్నీ గలగలలాడాయి.

ఒక కాలు నేలలోకి దిగబడితే క్రేన్ మొత్తం నీళ్లవైపు ఒరిగింది. ఇనపగది ఖాళీ బార్జి మీద పడింది. కేబిన్ ఒడ్డుకీ బార్జికీ మధ్యన నలిగింది. కింద ఉన్నవాళ్లు పరిగెత్తి బతికారు. జోంగిని బయటికి తియ్యడానికి ఇంకో యార్డునించి ఇంకో క్రేన్ తెప్పించాల్సి వచ్చింది.

శవం ఇంటికొచ్చాక ఊలోస్ శాలువా కప్పి నడింట్లో పడుకోబెట్టారు. సందంతా బతక్ బంధువులతో నిండిపోయింది. తోబా ఆడవాళ్లకి చావింట్లో రాగం తీసి ఏడుస్తూ మనసులో ఉన్నది చెప్పే అలవాటుంది. ఆ రాగంలో ఏమన్నా ఎవరూ తప్పు పట్టకూడదు. రోతువా మొగుడి తల ఒళ్లో పెట్టుకుని అందుకుంది.

"ఓ నా ఇంటి దూలమా, నిన్నెవరు నరికారయ్యా! రెక్కలున్న చెల్లెలు చెట్టు దిగి వచ్చిందయ్యా, రెక్కల్లేని నిన్ను కొమ్మకెక్కించిందయ్యా! కొమ్మ విరుగుతుందని దానికి తెలుసయ్యా! తెలిసి ఎటు పోయిందో అడగండయ్యా!"

పెద్దవాళ్లు తలలు వంచుకున్నారు. దామేరియా అన్న కాళ్ల దగ్గర కూర్చుని అంతా విన్నది.

అసలు దెబ్బ ఆ తరవాత తగిలింది. జోంగి తనంతట తానే క్రేన్ ఎక్కాడని, దామేరియా తాళం దానికే వదిలి డ్యూటీ మధ్యలో వెళ్లిపోయిందని కంపెనీ చెప్పింది. లుమోవా తాను అప్పుడు ఫోనులో మాట్లాడుతున్నానన్నాడు. సాలెహ్ తాను దూరంగా ఉన్నానని, ఏమీ వినలేదని అన్నాడు. మిగతావాళ్లు నోట్లో నీళ్లు పోసుకున్నట్టు ఊరుకున్నారు. అందరికీ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు.

కార్మికశాఖ నించి విచారణకి వచ్చినావిడ కళ్లజోడు తుడుచుకుంటూ దామేరియాని అడిగింది.

"ఫోర్‌మన్ చెప్పాడు కాబట్టి తాళం వదిలానంటున్నావు. శిక్షణలో ఏం నేర్పారు నీకు?"

"జేబులో వేసుకోమన్నారమ్మా."

"ఎవరు అడిగినా ఇవ్వొద్దనేనా?"

"అనేనమ్మా."

"మరి?"

"వదిలేశాను."

ఆవిడ కలం ఆపింది. "మాట మార్చుకుంటావా? ఇది రాస్తే నీకే మంచిది కాదు."

"రాసుకోండమ్మా. నిజమేగా."

ఆమె లైసెన్సు తీసేసుకున్నారు. లుమోవాని కంపెనీ ఇంకో దీవికి పంపేసింది.

ఇల్లు ఒక్కటే. ముందుగదిలో వదినా ఉలీ, వెనకగదిలో దామేరియా. రోతువా పొమ్మనలేదు, ఉండమనలేదు. అన్నం వండి ఒక పళ్లెం మూతపెట్టి పక్కన ఉంచేది. దామేరియా చేపలు శుభ్రం చేసే చోట కూలికి కుదిరి, చీకటి పడక ముందే వచ్చి ఆ పళ్లెం తిని కడిగి బోర్లించేది. ఉలి ఒక్కతే ఆ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడేది. "అత్తా, అమ్మ ఉప్పు తెమ్మంటోంది." "అమ్మా, అత్త తెస్తానంది." వర్షాలు వెళ్లి ఎండలు వచ్చేదాకా అలాగే జరిగింది.

ఒక ఆదివారం చర్చి నించి వచ్చాక రోతువా బట్టలు మార్చుకోకుండా వెనకగది గుమ్మంలో నిలబడింది.

"ఎలా పడిందో నాకు చెప్పు. ఎవరూ నాకు అర్థమయ్యేట్టు చెప్పరు. నువ్వు చెప్పు."

దామేరియా ఆమెని పెరట్లోకి తీసుకెళ్లింది. తుకిరాన్ చేయించినట్టే నీళ్ల బకెట్ గుండెకి ఆనించి పట్టుకోమంది, తరవాత చెయ్యి చాచమంది. రోతువా చెయ్యి వణికింది. "ఇప్పుడు ఇలా రా వదినా," అని మోరీ పక్కన బురదగా ఉన్నచోట నిలబెట్టి మళ్లీ చాచమంది. బకెట్ వైపున్న కాలు మడమదాకా దిగబడింది. రోతువా తూలింది. దామేరియా ఆమె నడుం పట్టుకుంది. ఆ చావు తరవాత ఒకరినొకరు ముట్టుకోవడం అదే మొదలు.

రోతువా ఆ చేతులు విడిపించుకోలేదు, ఆనుకోనూ లేదు. బురదలో ఉన్న కాలు వైపే చూస్తూ అడిగింది.

"ఆయనకి ఇది తెలుసా?"

"బకెట్ సంగతి తెలుసు. నాకంటే ఎక్కువసేపు పట్టుకున్నాడు. నేల సంగతి తరవాత చెప్పారు. అప్పటికి అన్న వెళ్లిపోయాడు."

"ఎందుకెళ్లిపోయాడు?"

దామేరియా పట్టిక సంగతి చెప్పింది. తను పెదాల కింద గొణిగిన అంకె, గదిలో నవ్వు, అన్నీ చెప్పింది. రోతువాకి ఇదంతా తెలియదు. శిక్షణ ఇష్టంలేక మానేశానని జోంగి ఆమెకి చెప్పాడట.

"నీకు నేల సంగతి తెలుసు," అంది రోతువా.

"తెలుసు."

"తెలిసీ టీ తాగడానికి కూర్చున్నావు."

"కూర్చున్నాను వదినా."

రోతువా నీళ్లు పారబోసి, బకెట్ బోర్లించి, కాలు కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె ఉలిని వెంటబెట్టుకుని సాలెహ్ ఇంటికి వెళ్లింది. ఆ సంగతి తరవాత సాలెహ్ పెళ్లామే అందరికీ చెప్పింది. రోతువా తిట్టలేదు, శాపాలు పెట్టలేదు. చాప మీద కూర్చుని, "అన్నయ్యా, ఈ పిల్ల పెద్దయ్యాక వాళ్ల నాన్న దొంగలా క్రేన్ ఎక్కి చచ్చాడని బళ్లో పిల్లలంటే ఏం చెప్పమంటావు?" అని మాత్రం అడిగిందట. సాలెహ్ చేతులతో మొహం కప్పుకున్నాడట. "లుమోవా సారే జోంగిని పేరు పెట్టి పిలిచాడమ్మా. నాకు మూడు బారల దూరంలో నిలబడి పిలిచాడు. బజరు కట్టేయమన్నదీ ఆయనే. ఎత్తమని సైగ చేసింది ఈ చేతులేనమ్మా."

సాలెహ్ వెళ్లి ఆ మాటే విచారణాధికారి ముందు చెప్పాడు. వారం తిరక్కుండా యార్డులో అతని పని పోయింది. లుమోవాని వెనక్కి పిలిపించి కోర్టులో పెట్టారు. కొద్దికాలం జైల్లో ఉండి వచ్చాడు. పై కుర్చీల్లో ఉన్నవాళ్లు ఎవరూ ఆ గుమ్మం తొక్కలేదు. జోంగి తనంతట తాను ఎక్కలేదని మాత్రం కాగితం మీదికి వచ్చింది. రోతువా ఆ కాగితాన్ని చర్చిలో పెద్దలందరి ముందూ చదివించింది. చదువుతున్నంతసేపూ నిటారుగా నిలబడింది.

దామేరియా లైసెన్సు తిరిగివ్వాలంటే మళ్లీ మొదటినించీ శిక్షణకి వెళ్లి పరీక్ష రాయాలన్నారు. వెళ్లింది. తుకిరాన్ ఇంకా అక్కడే ఉన్నాడు, ఇంకొంచెం ఎండిపోయాడు. పరీక్ష అయ్యాక గేటుదాకా వచ్చి అన్నాడు.

"తప్పు నాది కూడా ఉందమ్మా. భోజనానికి వెళ్లి రాని మనిషిని మర్నాడు వెతికించాల్సింది. బెంచీ ఖాళీ అయితే పని తగ్గిందనుకున్నాను."

"అన్న వచ్చేవాడు కాదు మాస్టారూ."

"రాడేమో. అడగాల్సింది."

ఆమె మళ్లీ యార్డుల్లో క్రేన్ ఎక్కలేదు. ఎక్కబోయి నిచ్చెన మధ్యలోంచే దిగి వచ్చేసేది. తుకిరాన్ దగ్గరే నేర్పే పనిలో చేరింది. నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకి ఆమె అంటే హడల్. సగానికి సగంమందిని మొదటిసారి తప్పించేది. ఒకసారి ఒక కంపెనీవాడు వచ్చి, "ఇంతమందిని తప్పిస్తే మేము పని ఎలా చేసుకోవాలమ్మా?" అని మండిపడ్డాడు. "నేర్పమంటే ఇంకో నెల నేర్పుతాను. లైసెన్సు ఇమ్మంటే ఇవ్వను," అంది. తరగతి మధ్యలో ఎవరైనా మనిషి లేచి వెళ్లిపోతే సాయంత్రం అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేది. కొందరు తిరిగొచ్చారు. కొందరు మొహం మీదే తలుపేశారు.

ఉలి మూడో తరగతి పూర్తయిన ఏడు రోతువా ఊరికి వెళ్లిపోవాలని నిశ్చయించుకుంది. తోబా ఒడ్డున అత్తమామల ఉల్లి మడులు చూసేవాళ్లు లేరు. దామేరియా సామాను మోసి రేవుదాకా వచ్చింది. జనం, మూటలు, అరటిపళ్ల గెలలు, పిల్లల ఏడుపులు. ఉలి మేనత్త మెడ పట్టుకుని వదల్లేదు.

"ఇక్కడే ఉండొచ్చుగా వదినా," అంది దామేరియా.

రోతువా పిల్ల చేతులు మెల్లగా విడదీసింది. "నువ్వు చంపావని నేను ఇప్పుడు అనను దామే. ఆ రోజు ఏడుపులో అన్నాను, అది వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నువ్వు ఇంట్లోకి నడిచి వచ్చినప్పుడల్లా ఆయన వెనకాలే వస్తున్నట్టు గుమ్మం వైపు చూస్తాను. ఆయన రాడు. రోజూ అదే. ఇంక నావల్ల కాదు."

దామేరియా తల ఊపింది. "ఉలికి ఎండుచేపలు పెట్టకు, పడవు," అంది.

"నాకు తెలీదా," అంది రోతువా. ఒక్క క్షణం ఇద్దరూ నవ్వబోయినట్టు కనిపించి ఊరుకున్నారు.

ఓడ మెట్లు లాగేశారు. పైన చేతులూపుతున్న జనంలో దామేరియాకి వాళ్లిద్దరూ కనపడలేదు. అయినా ఓడ మలుపు తిరిగేదాకా నిలబడింది. మధ్యాహ్నం కొత్త బ్యాచి ఉంది. బాడుగ మోటారు సైకిలు వాడిని పిలిచి వెనక ఎక్కి కూర్చుంది.